పాత ఇల్లు కొన్నాక గూళ్లలో, అటకల మీద దొరికేవాటిని ఏం చేయాలి

తాళం తీసి లోపలికి వెళ్లిన మొదటి రోజే వంటింటి గూట్లో ఒక స్టీలు గ్లాసు కనిపించింది. గ్లాసు మీద బూజు, బూజు కింద మూత, మూత కింద కట్టుడు పళ్లు. పై వరస. నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి అడుగున తెల్లటి పొర మిగిలింది. మా ఆయన రెండడుగులు వెనక్కి వేసి "బయట పారేయి" అన్నారు. నేను పారేయలేదు. చేతులకు తొడుగులు వేసుకుని, పళ్లను ఒక సంచిలో పెట్టి, దాని మీద కాగితం అంటించి రాశాను: "పై దవడ కట్టుడు పళ్లు, ఒక సెట్టు. వంటిల్లు, తూర్పు గోడ గూడు." కింద తేదీ వేశాను.

ఇది ఉద్యోగం నేర్పిన అలవాటు. కర్నూలు పెద్దాసుపత్రిలో ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి 2020లో రిటైరయ్యాను. రోడ్డు మీద పడిపోయిన మనిషిని స్పృహ లేకుండా తెచ్చి మంచం మీద వేస్తే ఒక పక్క వైద్యం నడుస్తుంటుంది, ఇంకో పక్క ఆ మనిషి ఒంటి మీది వస్తువుల జాబితా రాస్తాం. వేలికి ఉంగరం ఉంటే "బంగారు ఉంగరం" అని రాయకూడదు, "పసుపు రంగు లోహపు ఉంగరం" అని రాయాలి. బంగారమో కాదో తేల్చడం మన పని కాదు. జాబితా కింద ఇద్దరి సంతకాలు ఉండాలి. బంధువులు వచ్చాక వాళ్ల సంతకం తీసుకుని అప్పగించాలి. పాత ఇంటి విషయంలోనూ ఇదే పద్ధతి పాటించమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. తన దగ్గర ఏమేమి ఉన్నాయో ఇల్లు కూడా చెప్పుకోలేదు కదా.

మేము 2021లో కర్నూలు పాతబస్తీలో, హంద్రీ నది వైపు, ఒక మట్టి మిద్దె కొన్నాం. ఆ ఇంటి పెద్దాయన పోయాక నాలుగేళ్లు తాళం వేసి ఉంచిన ఇల్లు అది. కూతురు బెంగళూరులో, కొడుకు విదేశంలో. సామాను చాలావరకు తీసుకెళ్లామని చెప్పారు. ఇల్లు కొనేవాళ్లు ఈ "చాలావరకు" అన్న మాటను కాస్త జాగ్రత్తగా వినాలి. ఆ తర్వాత మాకు దొరికినవి నా నోటుపుస్తకంలో నూట పద్నాలుగు వరుసలు అయ్యాయి.

రిజిస్ట్రేషన్‌కు ముందే చేయవలసిన పని

మా ఆయన దస్తావేజు లేఖరి. జీవితమంతా ఊరివాళ్ల ఇళ్లు, పొలాలు చేతులు మారుతుంటే పక్కన కూర్చుని రాసిన మనిషి. పాత విక్రయ దస్తావేజుల్లో ఒక వాక్యం తప్పనిసరిగా ఉండేదని చెబుతారు: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగములతో సహా అమ్మినట్టు. పాతిపెట్టిన ధనం, దాచిన సొత్తు, నీళ్లు, రాళ్లు, ఇప్పుడు వస్తున్న ఫలం, ఇకముందు రాబోయేది, చేతికి అందినది, సాధించుకోగలిగినది, అన్నీ కొన్నవాడివే అని దాని అర్థం. వినడానికి రాజ్యం అప్పగిస్తున్నట్టు ఉంటుంది. కానీ ఆ వాక్యం పట్టుకుని నేల కింద దొరికిన కాసుల కుండను ఇంట్లో పెట్టుకోలేం, దానికి వేరే చట్టం ఉంది. అటక మీద మరిచిపోయిన పెళ్లి ఫొటోల పెట్టె కూడా ఆ ఎనిమిదింటిలో దేని కిందికీ రాదు.

అందుకే కొనుగోలు ఒప్పందంలోనే ఒక పేరా రాయించుకోండి. మా ఆయన రాసే పేరా సుమారుగా ఇలా ఉంటుంది: "రిజిస్ట్రేషన్ అయిన అరవై రోజుల లోపు అమ్మినవారు ఇంట్లో మిగిలిన తమ సామాను తీసుకుపోవాలి. ఆ గడువు దాటాక మిగిలినదాన్ని కొన్నవారు తమ ఇష్టప్రకారం వాడుకోవచ్చు, తీసివేయవచ్చు. కాగితాలు, ఫొటోలు, నగలు, నగదు మాత్రం ఎప్పుడు దొరికినా అమ్మినవారికి తెలియజేయాలి." మూడు వాక్యాలే. తర్వాత వచ్చే మాటపట్టింపుల్లో సగం వీటితోనే ఆగిపోతాయి.

డబ్బు చేతులు మారకముందే అమ్మేవాళ్లతో కలిసి ఇల్లంతా ఒకసారి తిరగండి. తాళాలన్నీ అడగండి, తాళం కనిపించని పెట్టెల గురించి కూడా అడగండి. నేల కింద ఏముందో ప్రత్యేకంగా అడగాలి: సంపు ఎక్కడ, పాత బావి ఉంటే ఎక్కడ పూడ్చారు, మరుగుదొడ్డి గుంత ఎక్కడ, గింజలు దాచే పాతర ఉందా. మేము చివరిది అడగలేదు. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటిపన్ను రసీదులు కళ్లారా చూడండి. ఇంటిపన్ను బాకీ మనిషితో వెళ్లిపోయేది కాదు, ఇంటిని పట్టుకుని ఉంటుంది. గ్యాసు సిలిండరు వదిలేసి వెళ్లడం చాలామందికి మంచితనంలా కనిపిస్తుంది. అది వాళ్ల పేరు మీద డిపాజిట్ కట్టి తెచ్చుకున్నది, వాళ్లే ఏజెన్సీకి తిరిగి ఇచ్చి ఆ డబ్బు తీసుకోవాలి. పట్టుకెళ్లమని చెప్పండి.

మొదటి రోజు

చీపురు తర్వాత. ముందు టార్చి, పొడవాటి కర్ర, మందపాటి తొడుగులు, మూసిన చెప్పులు. తలుపులు, కిటికీలు, మిద్దెకు గవాక్షి (పైకప్పులో వెలుతురు కంత) ఉంటే అదీ తెరిచి ఒక పూట వదిలేయండి. మట్టి మిద్దెల్లో దూలానికీ దంతెలకూ మధ్య సందులు ఉంటాయి, గోడల్లో లోతైన గూళ్లు ఉంటాయి. చేయి పెట్టే ముందు వెలుతురు పెట్టాలి. తేళ్లు, జెర్రులు మామూలే. కట్లపాము ఇంకా నిశ్శబ్దమైనది, దాని కాటు నొప్పి కూడా పెద్దగా తెలియనివ్వదు. పాము కుబుసం కనిపిస్తే పని ఆపి, పాములు పట్టేవాళ్లనో అటవీశాఖవాళ్లనో పిలవండి. మగవాళ్ల ధైర్యం ప్రదర్శించుకోవడానికి అది చోటు కాదు. వార్డులో అలాంటి ధైర్యవంతులను చాలామందిని చూశాను.

నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరికి అప్పగించాం. ప్రతి వస్తువునూ దొరికిన చోటే ఫోనులో ఫొటో తీసి, ఆ తర్వాతే కదిలించండి. చోటు ముఖ్యం. గడప మీది గూట్లో దొరికిన తాళంచెవి బయటి గదిదై ఉంటుంది, దేవుడి గూట్లో దొరికినది ఇనప్పెట్టెదై ఉండవచ్చు. రెండూ ఒకే డబ్బాలో పడేస్తే ఇక రెండూ పనికిరానివే.

పాతవాళ్లకు రోజుకోసారి ఫోను చేయవద్దు. వాళ్లకు అది కేవలం సామాను కాదు, మాట్లాడిన ప్రతిసారీ ఏదో తవ్వినట్టే. వారానికి ఒకసారి, ఫొటోలు అన్నీ కలిపి పంపండి. నేను కట్టుడు పళ్ల ఫొటో మాత్రం మొదటి రోజే పంపాను. పెద్దాయన అమ్మాయి వెంటనే ఫోను చేసింది. "అవి నాన్నవి అక్కా. చివరి రోజుల్లో పళ్లు లేవని సిగ్గుపడి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లంతా వెతికాం." కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తను "ఉంచండి, నేను వస్తాను" అంది. మా ఆయన ఆ మాట విన్నాక ఇంట్లో "పారేయి" అన్న మాట మళ్లీ అనలేదు.

నేల బోలుగా మోగితే

వెనక గదిలో నాపరాళ్లు కడుగుతుంటే ఒక బండ మీద చెంబు పెట్టినప్పుడు చప్పుడు వేరుగా వచ్చింది. కర్రతో తట్టి చూస్తే డప్పులా మోగింది. చుట్టూ ఉన్న సున్నం సందు కూడా మిగతావాటికంటే కొత్తది. మా ఆయన కళ్లలో అష్టభోగాలు మెరిశాయి. బేల్దారిని (తాపీమేస్త్రీని) పిలిచి బండ లేపిస్తే కింద మనిషి దూరేంత నోరు, లోపల కూజాలా వెడల్పుగా గుంత. జొన్నల పాతర.

మన సీమ ఇళ్లలో ఇది వింత కాదు. జొన్నలు ఏడాది పొడవునా నిలవ ఉండడానికి నేలలో తవ్వి, లోపల గడ్డి పరిచి, గింజ పోసి, బండ వేసి మట్టితో మూసేవాళ్లు. లోపల గాలి అయిపోతే పురుగు బతకదు, పాతర పని చేసేది ఆ కిటుకు మీదే. పురుగు బతకని చోట మనిషీ బతకడు. గింజలు, బూజు లోపలి ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. అది గాలికంటే బరువు కాబట్టి పైకి రాకుండా అడుగునే పేరుకుంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. దిగిన మనిషి కేక కూడా వేయకుండా కూలిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. పాతరలు, పాడుబడిన బావులు, మరుగుదొడ్డి గుంతలు, ఏవైనా కథ ఒకటే. ఆసుపత్రికి ఇలాంటివాళ్లను తెచ్చినప్పుడు ఒక్కరినే తేరు, ఇద్దరినో ముగ్గురినో తెస్తారు.

మా పాతరలో ఇంకో చిక్కు ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీని ముంచినప్పుడు ఈ ఇల్లు కూడా మునిగింది. గోడ మీద గూటి పైఅంచు దాకా మట్టి గీత సున్నం కింద నుంచి ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ బురద పాతరలోకి దిగి సగం నింపింది. పెద్దాయన దాన్ని తోడించకుండా పైన బండ వేయించినట్టున్నారు. గింజ, గడ్డి, బురద కలిసి పన్నెండేళ్లు మూత కింద కుళ్లితే ఇంకెలాంటి గాలులు పుడతాయో చెప్పలేం.

బేల్దారి నిచ్చెన తెమ్మన్నాడు. "ఎవరూ దిగరు" అన్నాను. బండ తీసి, గదికి తలుపు వేసి, పిల్లలూ పిల్లులూ పడకుండా నోటి మీద ఇనుప జాలీ పెట్టి మూడు రోజులు ఉంచాం. పూర్వం లాంతరు దించి చూసేవాళ్లు. లాంతరు ఆరిపోతే దిగకూడదని అది చెబుతుంది. ఆరకపోయినంత మాత్రాన దిగవచ్చని మాత్రం చెప్పదు. పైగా కుళ్లిన బురద ఉన్నచోట మంట పట్టే గాలి కూడా ఉండవచ్చు, అక్కడ లాంతరు అసలే వద్దు. టార్చి వేసి పైనుంచే చూశాం. ఇరుగింటివాళ్ల దగ్గర పాతాళగరిగె (బావిలో పడినవి లాగే కొక్కేల గుత్తి) ఉంటే అడిగి తెచ్చి, తాడు కట్టి దించి గెలికాం. ఒక ఇనుప బకెట్టు, సగం చీకిన గోనెసంచి, సొట్టపడిన రాగి చెంబు వచ్చాయి. మా ఆయన చెంబును వంచి, దులిపి, మళ్లీ వంచి చూశారు. బురద తప్ప ఏమీ రాలలేదు.

తర్వాత రెండు ట్రాక్టర్ల గరుసు పోయించి, నీళ్లు చల్లి దిమ్మిస చేయించి, పైన బేతంచెర్ల బండ పరిపించాం. పూడ్చేటప్పుడు ఒక్కసారిగా పోయకండి. అడుగు మందం పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాత ఇంకో పొర. లేకపోతే రెండు వానాకాలాల తర్వాత గది మధ్యలో నేల కుంగుతుంది. పాతర ఉన్నచోట బరువైన బీరువా పెట్టకండి.

కాగితాలు

ట్రంకు పెట్టె నిండా కాగితాలు. వరద బురద పొరల మధ్య ఎండి, కొన్ని అట్టలుగా మారాయి. ఇలాంటివాటిని ఆత్రంగా విడదీయవద్దు, తడిపితే సిరా పారిపోతుంది, ఎండలో పెడితే పెళుసుబారుతుంది. నీడలో గాలి తగిలేలా పరిచి, మెత్తటి కుంచెతో ఎండు మట్టిని దులపండి. విడిపోయినవి విడిపోతాయి. అద్దానికి అంటుకున్న ఫొటోను పీకకండి, అద్దం మీదుగానే ఫొటో తీసి, చట్రంతో సహా దాచండి.

మీ ఇంటికి సంబంధించిన పాత దస్తావేజులు దొరికితే అవి మీకే పనికొస్తాయి. బ్యాంకువాళ్లు అప్పు ఇచ్చేటప్పుడు అడిగే లింకు దస్తావేజులు ఇవే. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) కంప్యూటర్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందు కథ కావాలంటే ఈ కాగితాలో, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకునే నకళ్లో దిక్కు. మా పెట్టెలో ఉర్దూలో రాసిన ఒక దస్తావేజు ఉంది. పెద్దాయన తండ్రికంటే ముందు ఈ ఇల్లు ఒక ముస్లిం కుటుంబానిదట. మా వీధి చివర ఉర్దూ బాగా చదివే పెద్దమనిషి రెండు సాయంత్రాలు కూర్చుని చదివి చెప్పారు. అందులో మన వెనక గోడ "ఉమ్మడి" అని ఉంది. పక్కింటివాళ్లతో మా ఆయనకు అప్పటికి నెల రోజులుగా నడుస్తున్న గోడ తగాదా ఆ ఒక్క మాటతో తీరిపోయింది, మా ఆయనకు వ్యతిరేకంగా.

మిగతా కాగితాలు పాతవాళ్లవి. మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, పింఛను పుస్తకం, బీమా బాండ్లు, బ్యాంకు పాసుపుస్తకాలు అన్నీ రసీదు రాయించుకుని అప్పగించండి. పాత పాసుపుస్తకం ఇక చెల్లదని ఎవరైనా అంటే నమ్మవద్దు. పదేళ్లు లావాదేవీ లేని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళుతుంది, పోదు. వారసులు ఎప్పుడైనా బ్యాంకులో అడగవచ్చు. పేరు కొట్టి వెతుక్కోవడానికి 2023లో రిజర్వు బ్యాంకు ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టింది.

సంతకం చేసి ఖాళీగా వదిలిన స్టాంపు కాగితాలు, ప్రామిసరీ నోట్లు దొరికితే ఆ రోజే పాతవాళ్లకు చెప్పండి. మా పెట్టెలో మూడు దొరికాయి. పెద్దాయన ఎవరికో అప్పిచ్చి తీసుకున్నవి. రాసిన నోటుకైతే మూడేళ్ల కాలపరిమితి ఉంది, ఖాళీ నోటుకు తేదీ ఎప్పుడైనా వేయవచ్చు కదా, అదే దాని విషం. ఫొటో తీసి పంపి, అమ్మాయి వచ్చాక ఆమె చేతులతోనే చింపించాం.

డబ్బు, నిధి, రాళ్లు

దేవుడి పటం వెనక అట్టలో ఆరు పాత ఐదు వందల నోట్లు. 2016 నవంబరు 8న రద్దయినవి. పెద్దాయన దాచి మరిచిపోయారో, ఎవరికీ చెప్పుకోలేక అక్కడే వదిలేశారో. రద్దయిన ఐదు వందలు, వెయ్యి నోట్లు పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. జరిమానా పదివేలు లేదా ముఖవిలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది. పదిలోపు జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. రెండు వేల నోట్లు దొరికితే అవి ఇంకా చెల్లుతాయి, హైదరాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికి తపాలాలో పంపినా ఖాతాలో జమ చేస్తారు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ తర్వాత చెల్లవు, పిల్లలకు వామనగుంటలు ఆడుకోవడానికి ఇవ్వండి.

నేలలోనో గోడలోనో పాతిపెట్టిన సొత్తు దొరికితే దారి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమలులో ఉంది. విలువ పది రూపాయలు దాటితే చాలు, ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. విచారణ జరిపి, హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికించుకున్నవారికే వస్తుంది. ఆ చోటు వేరొకరిదై, వాళ్లు కూడా అడిగితే, దొరికించుకున్నవారికి మూడు వంతులు, చోటు యజమానికి ఒక వంతు. ప్రభుత్వానికి కావాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకుంటుంది. దాచిపెడితే ఆ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా ఉంటుంది. చట్టం దాచినవాడికి నష్టం, చెప్పినవాడికి లాభం వచ్చేలా ఉంది, కానీ మన జిల్లాల్లో జనం ఇంకా మాంత్రికుణ్ణి తెచ్చి అర్ధరాత్రి పలుగులు పడుతూనే ఉన్నారు. అలాంటివాళ్లను గడప తొక్కనివ్వకండి. ఇల్లూ కూలుతుంది, పరువూ పోతుంది.

అయితే గడప మార్చేటప్పుడో ఈశాన్యం మూల తవ్వేటప్పుడో చిన్న రాగిరేకు, నాలుగు నాణేలు, పగడపు ముక్క, నవధాన్యాల పొట్టు కనిపిస్తే కంగారు పడవద్దు. శంకుస్థాపన నాడు వేసినవి అవి. మేము వాటిని అలాగే పసుపు గుడ్డలో కట్టి, కొత్త గడప కింద పెట్టించాం.

ఇక అటక మీద ఒక పాలపొడి డబ్బా. లోపల దూది, దూదిలో గులకరాళ్లు. పెసర గింజంత నుంచి శనగ గింజంత దాకా, నలభై ఏడు. మా ఆయనకు ఆ రాత్రి నిద్ర లేదు. తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతకడం మన జిల్లాలో తెలియనివాళ్లు ఎవరు? మరుసటి రోజు నగల వ్యాపారం తెలిసిన స్నేహితుడికి చూపిస్తే, ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి "పలుగురాళ్లు" అన్నాడు. అమ్మాయికి చెబితే ఫోనులో పకపకా నవ్వింది. "ప్రతి ఏడాదీ నాన్న ఆటో మాట్లాడుకుని జొన్నగిరి పోయేవారక్కా. సాయంత్రానికి నడుం పట్టుకుని వచ్చేవారు." ఆ డబ్బాను నోటుపుస్తకంలో "తెల్లటి గులకరాళ్లు, నలభై ఏడు" అనే రాశాను.

ముట్టుకోకూడనివి

పెద్దాయనకు కోడుమూరు వైపు పత్తి పొలం ఉండేది. మెట్ల కింద గూట్లో పురుగుమందు సీసాలు పదకొండు. ఒక దాని మీద ఎండోసల్ఫాన్ అని ఉంది, 2011లో సుప్రీంకోర్టు ఆపేయించిన మందు. కొన్నిటికి చీటీలే లేవు. చీటీ లేని సీసా మూత తీసి వాసన చూడటం మనవాళ్లకు ఒక జబ్బు. దయచేసి చూడకండి. ఈ మందుల్లో చాలా రకాలు మింగనక్కర్లేదు, చర్మం మీద పడినా లోపలికి ఇంకుతాయి. ఒలికితే బట్టలు విప్పేసి, సబ్బునీళ్లతో ఒళ్లంతా కడుక్కోవాలి. చెమటలు, చొంగ, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం కనిపిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసానూ వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే వైద్యుడికి సగం పని తేలిక. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లూ బంధువులను మొదట అడిగింది ఆ సీసా గురించే.

ఈ సీసాలను కాలువలో పోయకండి, మా కాలువ హంద్రీలోకే పోతుంది. కాల్చకండి, పాతిపెట్టకండి. ఖాళీ డబ్బాను కడిగి కిరోసినుకో నీళ్లకో వాడకండి. నిలువుగా ఒక ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, చుట్టూ ఇసుక పోసి, తాళం వేసి, మండల వ్యవసాయాధికారిని అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి. ఇన్సులిన్ సూదులు దొరికితే గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, పైన "సూదులు" అని రాసి, చెత్త తీసుకెళ్లే మనిషి చేతికి విడిగా ఇవ్వండి. ఆమె చేయి మీ చేయిలాంటిదే.

మన సీమలో ఇంకో మాట కూడా చెప్పుకోక తప్పదు. పాత కక్షలు నడిచిన ఊళ్లలో గడ్డివాముల్లో, గోడ సందుల్లో, పాడుబడిన గాదెల్లో నాటుబాంబులు దొరికిన వార్తలు మనం చదివినవే. దారం చుట్టిన ఉండలాంటిది కనిపిస్తే బంతి అనుకుని పిల్లలు తీస్తారు. కదిలించకండి, నీళ్లు పోయకండి, ఫొటో కోసం దగ్గరికి పోకండి. ఇంట్లోవాళ్లను బయటికి పంపి 112కు ఫోను చేయండి. నాటు తుపాకి దొరికినా అంతే. దాన్ని సంచిలో చుట్టుకుని మీరే స్టేషనుకు మోసుకుపోవడం కూడా సరికాదు, పోలీసులే వచ్చి రాసుకుని తీసుకుపోవాలి.

దేవుళ్లు, రోళ్లు

దేవుడి పటాలను పాతవాళ్లు తీసుకెళ్లకపోతే అడగండి, వద్దంటే దగ్గరి గుడి పూజారిని అడగండి. రావిచెట్టు మొదట్లో వానకు నానేలా వదిలేయడం నాకు నచ్చదు. ఖురాను దొరికితే శుభ్రమైన గుడ్డలో చుట్టి మసీదులో ఇవ్వండి. మేము అలాగే ఇచ్చాం, ఆ ఉర్దూ దస్తావేజు చదివిన పెద్దమనిషి చేతికే. పాత రాతి, పంచలోహ విగ్రహాలు మాత్రం పూజగదిలో పెట్టేసుకోకండి. నూరేళ్లు దాటినవి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, పురావస్తు శాఖ దగ్గర నమోదు కావాలి.

రోలు, విసుర్రాయి, ఊరగాయ జాడీలు ఎవరూ మోసుకుపోరు. జాడీ లోపల మెరుగు చిట్లి ఉంటే ఊరగాయకు వద్దు, పూలమొక్కకు వాడండి. రోలును ఇసుక, బియ్యం వేసి రెండు మూడుసార్లు రుబ్బి పారబోశాక వాడుకోవచ్చు. మా ఇంట్లో గొడ్డుకారం ఇప్పుడు ఆ రోట్లోనే.

అమ్మాయి మూడు నెలలకు వచ్చింది. ఒక్కో వరుస చదువుతూ సంతకాలు పెట్టింది. గులకరాళ్ల డబ్బా తీసుకుంది. కట్టుడు పళ్లను చేతిరుమాలులో చుట్టి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. రెండు బాకీలు కూడా బయటపడ్డాయి. పాలమనిషికి నాలుగేళ్ల కిందటి మూడు వందల నలభై రూపాయలు తనే ఫోనులో పంపింది. పాతవాళ్ల చిల్లర బాకీలు వాళ్లకే చెప్పాలి, మీ జేబులోంచి ఇచ్చేస్తే ఊరంతా వస్తుంది.

రెండో బాకీ గురువారం వచ్చింది. సాంబ్రాణి పొగ, నెమలి ఈకల కట్ట, ఆకుపచ్చ గుడ్డ. గడప ముందు ఫకీరు నిలబడి "పెద్దాయన లేరా అమ్మా? ఇన్నాళ్లకు తలుపు తెరిచి ఉంది" అన్నాడు. పోయారని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. పొగను గడపకు ఇటూ అటూ ఆడించి, చేతిసంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు, ఇక్కడ అలా నిలబడటం అలవాటే అన్నట్టు. అమ్మాయికి ఫోను చేస్తే "వారానికి సోలెడు బియ్యం అక్కా, నాకు గుర్తుండీ చెప్పలేదు" అంది.

నోటుపుస్తకంలో నూట పదిహేనో వరుస రాశాను: "ఫకీరు, గురువారాలు, సోలెడు బియ్యం." ఎవరికి అప్పగించాం అన్న గడి ఖాళీగా ఉంది.